నలుపు పక్కన నిలబడ్డ ‘అయినా’

"పిల్ల నలుపే అయినా కళగా ఉంది." నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో పెళ్ళిచూపులు ముగించుకుని బయటికి వచ్చిన పెద్దవాళ్ళు ఈ మాటను మెచ్చుకోలుగానే అంటారు. విన్న తల్లికి గుండె కుదుటపడుతుంది. లోపలి గదిలో ఉన్న పిల్లకు మాత్రం ఆ ఒక్క వాక్యంలో రెండు తీర్పులు వినిపిస్తాయి. ముఖంలో కళ ఉందన్నది మొదటిది. నలుపు ఒక లోటనీ, ఆ లోటును కళ ఎలాగో పూడ్చిందనీ చెప్పేది రెండోది. ఈ రెండో తీర్పును మోస్తున్నది ‘అయినా’ అన్న మూడక్షరాల మాట. "ఎర్రగా ఉన్నా కళగా ఉంది" అని ఎవరూ అనరు. తిట్టును తిట్టుగా గుర్తుపట్టి ఎదురు చెప్పవచ్చు. మెచ్చుకోలులో కలిసిపోయి వచ్చేదానికి ఎదురు చెప్పడం ఎలా? ఒంటి రంగు మీద చిన్నచూపు ఎక్కువగా ఈ దారినే, ప్రేమించేవాళ్ళ నోటి నుంచే, పిల్లల లోపలికి దిగుతుంది.

రంగు గురించి మన మాట తీరును కొంచెం ఆగి వినాలి. "రంగు కొంచెం తక్కువ" అంటారు. "పట్నం వెళ్ళాక రంగు తేలింది", "ఎండకు తిరిగి రంగు తగ్గింది" అంటారు. ఈ మాటల లెక్కలో రంగు అంటే తెలుపే. నలుపంటే రంగు లేకపోవడం. తూకం వేసే సరుకులా దానికి ఎక్కువ తక్కువలున్నాయి. ‘ఎర్రగా బుర్రగా’ అన్నది పైమెట్టు. ఆ కింద పసిమి, గోధుమ వన్నె, చామనఛాయ, అన్నిటికీ అడుగున నలుపు. తెలంగాణలో నలుపుకు ‘కర్రె’ అన్న మాట ఇప్పటికీ నిత్య వాడుకలో ఉంది. కర్రె మేక, కర్రె కోడి అన్నప్పుడు ఆ మాటలో ఏ చెడూ లేదు, మందలో జీవాన్ని గుర్తుపట్టడానికి పెట్టుకున్న గుర్తు అది. అదే మాట బడిలో ఒక పిల్ల పేరుకు ముందు చేరితే పదో తరగతి దాకా ఆ పిల్లను వదలదు.

చామనఛాయ అన్న మాట ప్రయాణం ఇంకా చిత్రమైనది. సంస్కృతంలోని ‘శ్యామ’ తెలుగులో ‘చామ’ అయింది. పాత కావ్యాల్లో అది నాయికలకూ దేవతలకూ వాడిన వర్ణం. ఇవాళ పెళ్ళి సంబంధాల కాగితంలో, కూతురు నలుపు అని రాయడానికి చెయ్యి రాని తండ్రి రాసే మాట. ఛాయ అంటే నీడ కూడా. నల్గొండ పట్టణం పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో పగలంతా నిలిచి ఉండే నీడను చూడటానికే జనం దూరాల నుంచి వస్తారు, చూసి అబ్బురపడతారు. అక్కడికి నాలుగడుగుల దూరంలో ఉన్న ఇళ్ళలోనే ‘ఛాయ’ అన్న గడి దగ్గర కలం ఆగిపోతుంది.

అయితే ఈ ప్రాంతానికి నలుపంటేనే గిట్టదా? ఊళ్ళ పేర్లు అలా చెప్పడం లేదు. నల్గొండ అంటేనే నల్లకొండ. అంతకుముందు దాన్ని నీలగిరి అనేవారని చెబుతారు. పాలమూరు దక్షిణపు అంచున ఉన్న అడవి నల్లమల. ఎర్ర చెల్కలు పరుచుకున్న ఈ జిల్లాల్లో రెండెకరాల నల్లరేగడి ఉన్న రైతు దాన్ని ప్రత్యేకంగా చెప్పుకుంటాడు, వాన ఆలస్యమైనా ఆ నేల తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి. దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో నేసే గొంగడికి రంగు అద్దనక్కరలేదు. గొర్రె ఒంటి నలుపే నేతలోకి వస్తుంది, చలికీ వానకూ కాపరిని కాస్తుంది. పుట్టపాక నేతగాళ్ళ తేలియా రుమాలులో ఎరుపు, నలుపు, తెలుపు మూడే రంగులు. అందులో ఏ ఒక్కటి తీసేసినా ఆ నేత నిలవదు. ఆషాఢం వస్తే నల్ల పోచమ్మకు బోనం వండుతారు. నేలలో, ఉన్నిలో, బట్టలో, దేవతలో నలుపు మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. ఫిర్యాదు మనిషి ఒంటి మీద కనిపించే నలుపు దగ్గర మొదలవుతుంది. అందులోనూ పెళ్ళికి ఎదిగిన ఆడపిల్ల ఒంటి మీద. అక్కడే ఎందుకన్నది తేలితే చిక్కుముడి సగం విడిపోతుంది.

‘నీడపట్టున పెరిగిన పిల్ల’ అన్నది పెద్ద మెప్పు. పొలానికో కూలికో పోవలసిన అవసరం లేని ఇంటి పిల్ల అని దాని అర్థం. దీనికి ఎదురుగా పాలమూరు కూలీని నిలబెట్టి చూడాలి. గుంపు మేస్త్రీల వెంట దశాబ్దాలపాటు దేశమంతా తిరిగి ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టినవాళ్ళు పాలమూరు వాళ్ళు. ఆడవాళ్ళు చంటిపిల్లలను చెట్టుకు కట్టిన ఊయలలో వేసి మట్టి తట్టలు మోశారు. నల్గొండ చేలల్లో పత్తి ఏరేదీ, వరి నాట్లు వేసేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. ఎండాకాలం 44, 45 డిగ్రీలకు చేరే చోట ఒంటి నలుపు కష్టానికి గుర్తుగా మారింది. కష్టం చేసేవాళ్ళకు గౌరవం ఇవ్వని సమాజంలో ఆ గుర్తుకూ గౌరవం దక్కలేదు. ఎండలో బతికే కులాలు, నీడలో బతికే కులాలు అన్న పాత విభజన మీద రంగు ఒక ముద్రలా కూర్చుంది. ప్రతి కులంలో అన్ని ఛాయల వాళ్ళూ ఉన్నా, ఒకే ఇంట్లో అక్క ఎర్రగా, చెల్లి నల్లగా ఉన్నా, మనిషిని చూడగానే రంగును బట్టి కులాన్ని లెక్కగట్టే అలవాటు పోలేదు. "మా ఇంట్లో ఇంత నలుపు ఎవరూ లేరు" అని కొత్త కోడలిని చూసి అత్తగారి వైపు బంధువు అనే మాటలో కులం, పని, ఆస్తి మూడూ కలిసి మాట్లాడతాయి. "ఎండకు పోకు, నల్లబడతావు" అన్న హెచ్చరిక కూతురికే తప్ప కొడుకుకు వినిపించకపోవడం కూడా ఇందులో భాగమే. కొడుకు ఎండలో క్రికెట్ ఆడి రావచ్చు. కూతురి ఒంటి రంగు ఇంటి పరువు లెక్కలోకి వస్తుంది.

శరీరం వైపు నుంచి చూస్తే విషయం చాలా సాదా. చర్మంలో మెలనిన్ అనే వర్ణకాన్ని తయారుచేసే కణాల సంఖ్య నల్లవాళ్ళలోనూ తెల్లవాళ్ళలోనూ దాదాపు ఒకటే. ఆ కణాలు ఎంత మెలనిన్ చేస్తాయి, ఏ రకం చేస్తాయి, దాన్ని ఎలా పరుస్తాయి అన్నదాన్ని బట్టి ఛాయ మారుతుంది. నల్గొండ భూమధ్యరేఖకు ఉత్తరాన 17 డిగ్రీల దగ్గర ఉంది. ఇంత ఎండ పడే చోట తరతరాలుగా బతికినవాళ్ళకు ముదురు చర్మం ఒక రక్షణ. అతినీలలోహిత కిరణాలు లోపలికి దిగకుండా అది ఆపుతుంది, గర్భంలోని బిడ్డకు అవసరమైన ఫోలేట్ అనే విటమిన్ నాశనం కాకుండా కాపాడుతుంది. రంగును నిర్ణయించే జన్యువులు అనేకం. వాటిలో ముఖ్యమైన ఒకదాన్ని శాస్త్రవేత్తలు 2005లో జీబ్రా చేపలో గుర్తించారు. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ పరిశోధకులు కూడా పాల్గొన్న 2013 నాటి అధ్యయనం, చర్మాన్ని లేతగా చేసే దాని రూపం భారతదేశంలోనూ విస్తారంగా ఉందని తేల్చింది. ఇన్ని జన్యువులు కలిసి చేసే పని కాబట్టి ఒకే తల్లి బిడ్డలు వేరువేరు ఛాయల్లో పుడతారు. గర్భిణి తాగే కుంకుమపువ్వు పాలకు అందులో పాత్ర లేదు. వారం వారం పెట్టే సున్నిపిండి నలుగు జిడ్డునూ మృతకణాలనూ తీస్తుంది, ఒంటికి హాయినిస్తుంది. పుట్టుకతో వచ్చిన ఛాయను మార్చలేదు, మార్చనక్కరా లేదు.

ఈ సంగతులు చాలామందికి తెలుసు. తెలిసినా మాట మారకపోవడానికి కారణం పెళ్ళి బేరం. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా రంగు ‘తక్కువ’ అయిన పిల్ల తండ్రి మరికొంత బంగారమో, పట్నం శివారులో మరో ప్లాటో కలిపి ఆ ‘తక్కువ’ను సరిచేయాలని చూస్తాడు. అమ్మాయి చదువు, జీతం కూడా ఒక్కోసారి ఈ తూకంలోకే చేరతాయి: నలుపే అయినా ఉద్యోగం ఉంది. నల్గొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల ఏ ఫోటో స్టూడియోలో పెళ్ళిసంబంధాల ఫోటో తీయించినా, అడగకముందే ముఖాన్ని రెండు మూడు మెట్లు తెల్లబరిచి ఇవ్వడం మామూలైపోయింది. ఫోనులోని ఫిల్టర్లు అదే పనిని ఉచితంగా చేస్తున్నాయి. దీని దెబ్బ తర్వాత తెలుస్తుంది. ఆ ఫోటో చూసి వచ్చినవాళ్ళ ముఖంలో మొదటి క్షణంలో కనిపించే చిన్న మార్పు ఉంటుందే, దాన్ని చూసిన పిల్ల మరిచిపోదు. తన ముఖం తన ఫోటో ముందే ఓడిపోయింది. పెళ్ళి సంబంధాలు చూసే షాదీ డాట్ కామ్ 2020లో విమర్శలు వచ్చాక ఒంటి రంగును బట్టి వెతికే వీలును తీసేసింది. బంధువుల వాట్సాప్ గుంపుల్లో తిరిగే కాగితాల నుంచి మాత్రం ‘ఛాయ’ గడి ఇంకా పోలేదు.

మగపిల్లలకు ఈ బాధ లేదని కాదు. నల్లగా ఉన్న అబ్బాయికి స్నేహితులు పెట్టే పేర్లు నవ్వులాటగా మొదలై ఏళ్ళ తరబడి అంటిపెట్టుకుంటాయి. మగవాళ్ళ కోసమే తెలుపు క్రీమును ఇమామీ 2005లో మార్కెట్లోకి తెచ్చింది. నల్లవాడని భర్తను పదే పదే అవమానించడం క్రూరత్వమేనంటూ 2023 ఆగస్టులో కర్ణాటక హైకోర్టు ఒక వ్యక్తికి విడాకులు మంజూరు చేసింది. అదే ఏడాది డిసెంబరులో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ముందుకు మరో కేసు వచ్చింది. విడాకులు కోరింది భర్త. నల్లగా ఉన్నానని అతను తనను హేళన చేసేవాడని భార్య చెప్పింది. అతని కోరికను తోసిపుచ్చుతూ, తెల్లని చర్మాన్ని గొప్పచేసే మాటలు ఇళ్ళలోనే మారాలని న్యాయస్థానం అభిప్రాయపడింది. కోర్టు ఇళ్ళలోని మాటల దాకా వెళ్ళడం గమనించదగ్గది.

ఇక క్రీముల సంగతి. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇక్కడ మాట గాయం ఒంటి గాయంగా మారుతుంది. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో మన దేశంలో మార్కెట్లోకి వచ్చింది. కిరాణా కొట్టులో షాంపూ ప్యాకెట్ల పక్కన వేలాడే చిన్న సాచెట్ రూపంలో అది ప్రతి తండాకూ చేరింది. 2020లో దాని పేరులోంచి ‘ఫెయిర్’ పోయి ‘గ్లో’ వచ్చింది. సరుకు అమ్ముడుపోవడానికి కారణమైన కోరిక మారలేదు. అంతకన్నా ప్రమాదకరమైనది మందుల దుకాణంలో ఉంది. కాన్పు తర్వాతో, ఎండలో పని చేసో బుగ్గల మీద మంగు వచ్చిన ఆడవాళ్ళు దుకాణానికి వెళ్ళి "మంగుకు ట్యూబ్ ఇవ్వండి" అని అడుగుతారు. చేతికొచ్చేది చాలాసార్లు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, వాటితోపాటు మొమెటసోన్ లాంటి స్టెరాయిడ్ కలిపిన మందు. డాక్టరు చూసి కొన్ని వారాలకు మాత్రమే రాయవలసిన మందు ఇది. రాసుకున్న పది రోజుల్లో ముఖం తేటపడుతుంది. అది చూసి పక్కింటి ఆమె కొంటుంది, తర్వాత ఆమె కూతురు మంగు లేకపోయినా తెలుపు కోసం కొంటుంది. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి రక్తనాళాలు పైకి కనిపిస్తాయి. మొటిమలు లేస్తాయి, బుగ్గల మీద నూగు పెరుగుతుంది, ఎండ తగిలితే మంట. మానేద్దామంటే ముఖం మరింత ఎర్రబడి ఉబ్బుతుంది కాబట్టి మళ్ళీ అదే ట్యూబు రాసుకుంటారు. హైడ్రోక్వినోన్ ఏళ్ళ తరబడి వాడితే కొందరికి చర్మంలో నీలి నలుపు మచ్చలు దిగుతాయి, వాటిని పోగొట్టడం చాలా కష్టం.

ఈ దుర్వినియోగం మీద చర్మవైద్యుల సంఘం ఏళ్ళుగా పోరాడింది. 2018లో కేంద్ర ప్రభుత్వం చర్మం మీద రాసే స్టెరాయిడ్లు పద్నాలుగింటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ జాబితాలోకి తెచ్చింది. చీటీ అడిగే దుకాణాలు పల్లెల్లో ఎన్ని ఉన్నాయో వాడేవాళ్ళకే తెలుసు. పాదరసం కలిపిన క్రీములది మరో దారి. చర్మపు సౌందర్య సాధనాల్లో పాదరసం పది లక్షల భాగాల్లో ఒక భాగం మించకూడదన్నది నియమం. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో మూత్రపిండాల జబ్బుతో వచ్చిన కొందరు రోగుల దగ్గర డాక్టర్లకు కనిపించిన ఉమ్మడి విషయం తెలుపు క్రీములే. తయారుచేసినవాళ్ళ చిరునామా కూడా సరిగా లేని డబ్బాను ముఖానికి రాసుకోవడం ఎంత ప్రమాదమో ఇది చెబుతుంది. ఇప్పటికే స్టెరాయిడ్ ట్యూబుకు అలవాటు పడినవాళ్ళు ఒక్కసారిగా మానేసి భయపడిపోవద్దు. నల్గొండ, మహబూబ్‌నగర్ రెండు చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి, చర్మవైద్యుల దగ్గర క్రమంగా మాన్పించే పద్ధతి ఉంది. మరో మాట: పిల్లల మెడ వెనక నల్లగా, మందంగా మారితే దాన్ని మురికి అనుకుని పీచుతో రుద్దుతుంటారు. ఎంత రుద్దినా పోదు. చాలా సందర్భాల్లో అది ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికి గుర్తు, మున్ముందు మధుమేహం రావచ్చని శరీరం ఇచ్చే హెచ్చరిక. రంగు మీద కన్నుపడిన చోట జబ్బు మీద పడవలసిన కన్ను మూసుకుపోతుంది.

ఒంటి మీది గుర్తును సిగ్గుగా మోయడం నల్గొండకు కొత్త కాదు. బోరునీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల ఇక్కడి పిల్లల పళ్ళు గోధుమరంగు చారలు కట్టాయి, ఎందరివో ఎముకలు వంకరపోయాయి. నవ్వేటప్పుడు చేతిని నోటికి అడ్డం పెట్టుకునే అలవాటుతో ఒక తరం పెరిగింది. ఫ్లోరైడ్ ఊళ్ళతో సంబంధం కలుపుకోవడానికి బయటివాళ్ళు వెనకాడేవారు. మొదట్లో అది ఆ ఊరి తలరాత అనుకున్నారు. తర్వాత చూపు పళ్ళ మీద నుంచి నీళ్ళ మీదికి మళ్ళింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నీళ్ళ కోసం పోరాడిన జలసాధన సమితి పిలుపుతో నల్గొండ స్థానంలో ఏకంగా 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది, ఎన్నికనే వాయిదా వేయవలసి వచ్చింది. అప్పటిదాకా చేతి చాటున దాగిన బాధ దేశం ముందు నిలబడింది. సిగ్గుపడవలసింది పళ్ళు చారలు కట్టిన పిల్ల కాదని, ఆ పిల్లకు మంచినీళ్ళు ఇవ్వలేకపోయిన పాలన అని జిల్లా అంతా ఒక్క గొంతుతో చెప్పింది. ఫ్లోరోసిస్ జబ్బు, నలుపు జబ్బు కాదు. ఆ తేడా ఉండనే ఉంది. జబ్బుకే సిగ్గుపడనక్కరలేదని తెలుసుకున్న జిల్లాలో, జబ్బే కాని దానికి ఆడపిల్లలు ఇంకా తలదించుకోవడం మరింత బాధాకరం.

నీ రంగును నువ్వు ప్రేమించుకో అని ఈమధ్య తరచుగా చెబుతున్నారు. మంచి మాటే. కానీ చుట్టూ ఉన్నవాళ్ళెవరూ మారకుండా ఆ ఒక్క పిల్లకే ఈ పని అప్పగిస్తే అది మరో పరీక్ష అవుతుంది. అద్దం ముందు నిలబడి తనను తాను ఒప్పించుకోలేకపోతే అదీ తన తప్పే అనుకుంటుంది. ఓదార్పు మాటల్లో కూడా జాగ్రత్త కావాలి. "కృష్ణుడు నలుపే కదా", "నల్లగా ఉన్నవాళ్ళకు తెలివెక్కువ" అన్నప్పుడు మనసు మంచిదే అయినా, నలుపుకు ఏదో ఒక సాకు చూపించాలన్న భావన అందులో మిగిలే ఉంటుంది. చీరల దుకాణంలో "ఈ రంగు అమ్మాయికి నప్పదు" అని మెత్తగా చెప్పి పసుపు చీరను మడతపెట్టి పక్కన పెట్టడం కూడా ఇదే కోవలోది. ఆ పిల్లకు పసుపు ఇష్టమేమో ఎవరూ అడగరు.

కేరళ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిగా ఉన్నప్పుడు శారదా మురళీధరన్ 2025 మార్చిలో తన రంగు గురించి బహిరంగంగా రాశారు. అంతకుముందు అదే పదవిలో తన భర్త ఉన్నారు. ఆయన పాలన ఎంత తెలుపో ఈమెది అంత నలుపు అని ఎవరో పోల్చారు. ఆ సందర్భంలో ఆమె తన నాలుగేళ్ళ వయసు సంగతి గుర్తు చేసుకున్నారు: తనను మళ్ళీ కడుపులో పెట్టుకుని తెల్లగా, అందంగా కనగలవా అని తల్లిని అడిగారట. యాభై ఏళ్ళకు పైగా తన రంగు చాలదన్న భావం కిందే బతికానని, చివరికి తన పిల్లలే తల్లి నలుపులో అందాన్ని చూసి తన చూపును మార్చారని చెప్పారు. ఒక రాష్ట్రంలో అత్యున్నత అధికారి స్థాయికి చేరిన మనిషికి కూడా చదువుతో, పదవితో రాని ఊరట ఇంట్లోని కళ్ళు చూసిన తీరుతో వచ్చింది.

మన ఇళ్ళలో ఆ చూపు తొట్టెల నాటికే మొదలవుతుంది. పుట్టిన బిడ్డ చర్మం మొదట్లో లేతగా ఉంటుంది, మెలనిన్ పూర్తిగా తయారై అసలు ఛాయ తేలడానికి నెలలు పడుతుంది. పెద్దవాళ్ళకు అంత ఓపిక ఉండదు. మనవరాలిని చేతుల్లోకి తీసుకున్న నాయనమ్మ ముందుగా చెవి అంచును వేలితో తిప్పి చూస్తుంది, ముందుముందు పిల్ల రంగు ఎలా ఉండబోతుందో అక్కడ తెలుస్తుందని. చూసి, పక్కనున్నవాళ్ళతో ఏదో ఒక మాట అంటుంది. బిడ్డకు చూపు ఇంకా మసకగానే ఉంటుంది. వినికిడి మాత్రం తల్లి కడుపులో ఉండగానే మొదలవుతుంది. ఆ చెవి అప్పటికే వింటోంది.